కాపలా లేని పరీక్ష

యోంగ్జు,
దక్షిణ కొరియా, 1996 మార్చి 10

ప్రియమైన అత్తయ్యకి,

ప్రభువు నామంలో వందనాలు. సెబిత్ మిషన్ స్కూల్లో చేరి వారం అయింది. ఇక్కడ నా పేరు గీసోక్ అని ఎవరికీ పట్టదు. "బాంగ్ టీచరమ్మగారి మేనల్లుడు" అంటేనే గుర్తుపడతారు. మీరు రిటైరై ఆరేళ్ళయినా స్కూలు వంటగదిలో పనిచేసే ఆవిడ నన్ను చూసి మొదట అడిగిన మాట, "మీరూ ఆవిడలాగే అరుస్తారా?" అని. అరవనన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు.

నాకు రెండో సంవత్సరం మూడో సెక్షను ఇచ్చారు. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు. అందరికీ పదమూడేళ్ళు, పద్నాలుగేళ్ళు. క్లాసు బాధ్యతతోపాటు బైబిలు వేదపాఠం, నీతిపాఠం చెప్పాలి. వేసవి సెలవుల దాకా నాది తాత్కాలిక ఉద్యోగమే. ఆ తర్వాత ఖాయం చేసేదీ లేనిదీ నామ్ ప్రిన్సిపాల్ గారి చేతిలో ఉంది.

ఆయన గురించి రాయాలి. రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడి, వచ్చే ప్రతి పిల్లకీ పిల్లాడికీ తనే ముందు వంగి నమస్కారం పెడతారు. నాలుగువందల పన్నెండు మందికి! మెడ నొప్పి పుట్టదా అండీ అని అడిగాను. "వాళ్ళు ముందు వంగితే నేను ఆలస్యమైనట్టు కదా" అన్నారు.

అన్నిటికంటే వింత పరీక్షల సంగతి. మీరు ఎప్పుడూ చెప్పలేదేం? పేపర్లు పంచాక పిల్లలంతా నిలబడి, ఎవరూ చూడకపోయినా నిజాయితీగా రాస్తామని ఒక్క మాట చెబుతారట. మాస్టారు వాళ్ళకి వంగి నమస్కారం పెట్టి, తలుపు దగ్గరికి వేసి, స్టాఫ్ రూముకి వెళ్ళిపోవాలట. గంట కొట్టేదాకా తిరిగి రాకూడదట. నలభై ఏళ్ళుగా ఇదే పద్ధతట. కానీ ఈ మార్కులతోనే హైస్కూల్లో సీటు వస్తుంది కాబట్టి, కాపలా పెట్టమని కొందరు తల్లిదండ్రులు రెండేళ్ళుగా పట్టుబడుతున్నారు. ఏదైనా ఒక్క గొడవ బయటపడితే చాలు, ఈ పద్ధతి పోతుందని స్టాఫంతా భయపడుతున్నారు.

ఇలాంటి స్కూలు ఇంకెక్కడైనా ఉంటుందా అత్తయ్యా? నాకైతే ఇక్కడ ఉద్యోగం దొరకడమే దేవుడి దయ అనిపిస్తోంది.

మీ మేనల్లుడు
గీసోక్


తోంగ్యోంగ్,
మార్చి 24

గీసోకూ,

ఉత్తరం అందింది. పరీక్షల సంగతి నీకు ఎందుకు చెప్పలేదంటే, చెబితే దాని మీద ఒక ఉపన్యాసం రాసుకుంటావని. చిన్నప్పటినుంచీ నీకు ఆ జబ్బుంది. నీకు ఏడేళ్ళప్పుడు మీ చెల్లెలు నీ యాపిల్ పండు తినేసిందని దాన్ని కూర్చోబెట్టి అరగంట నీతి చెప్పావు. అది బుద్ధిగా వింటూ రెండో పండు కూడా తినేసింది.

నామ్ గారిని మెచ్చుకున్నావు, సంతోషం. ఆయన చేరిన కొత్తలో పిల్లల ముందు మాట కూడా పెగిలేది కాదు. నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయన మాటలతో కాకుండా మెడతో పాఠం చెప్పడం మొదలుపెట్టాక నా నోరు మూతపడింది.

పిల్లల్ని భక్తిమంతుల్ని చేసేయాలని తొందరపడకు. మధ్యాహ్నం వాళ్ళ మధ్యన కూర్చుని అన్నం తిను. ఎవరి డబ్బాలో కూర లేదో చూడు. ఎండు నెత్తళ్ళ చేపలు ఒక కట్ట పంపుతున్నాను. అడిగిన వాళ్ళకి పెట్టు, అడగని వాళ్ళకి ముందు పెట్టు.

నా మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. ఆదివారం బడిలో ఎనిమిది మంది జాలరి పిల్లలు నా ప్రాణం తీస్తున్నారు. సుఖంగా ఉన్నాను.

మీ అత్త
ఓక్‌బున్


యోంగ్జు,
మే 4

ప్రియమైన అత్తయ్యకి,

వందనాలు. నెత్తళ్ళు రెండు రోజుల్లో ఖాళీ. దోచోల్ అని మా క్లాసు లీడరు ఉన్నాడు, సగం వాడే తిన్నాడు. "మాస్టారూ, మీ అత్తయ్యగారికి మేనల్లుళ్ళు ఇంకా కావాలేమో అడగండి" అంటున్నాడు.

కిందటి వారం మొదటి పరీక్షలు అయ్యాయి. ఒక బాధ కలిగించే విషయం రాయాలి. నా క్లాసులో ఒకమ్మాయి కాపీ కొట్టింది. అదీ వేదపాఠం పరీక్షలో! పేరు ప్యో హేరాన్. కొండ కింద పల్లెలో చిన్న సంఘానికి పాస్టరు గారి కూతురు. బుధవారం ఆరాధనలో పియానో వాయించేది ఆ పిల్లే. నెమ్మదైన పిల్ల. అందుకే నాకు ఇంకా కష్టం వేసింది. రాజుల పేర్లు వరుసగా రాయమని ఒక ప్రశ్న ఇచ్చాను, చొక్కా చేతి మడతలో చీటీ పెట్టుకుని రాసింది.

ప్రిన్సిపాల్ గారికి చెబితే సంగతి బయటికి పోతుంది, పద్ధతికే ముప్పు వస్తుంది. అందుకని చెప్పలేదు. కానీ ఊరుకోలేదు కూడా. బుధవారం ఆరాధనలో ప్రసంగం నా వంతు వచ్చింది. దాచిన పాపం గురించి చెప్పాను. పైకి భక్తి, లోపల దొంగతనం అన్నాను. అంటూ పియానో వైపే చూశాను. ఆ పిల్ల తల వంచేసింది. చివరి కీర్తనకి రెండుసార్లు తప్పు మెట్టు నొక్కింది. మాట తగిలిందని నాకు అర్థమైంది. గొప్ప చెప్పుకుంటున్నాననుకోకండి గాని, ఇంత బాగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

మీ మేనల్లుడు
గీసోక్


తోంగ్యోంగ్,
మే 9

గీసోకూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఒళ్ళు మండింది.

నువ్వు చేసింది ప్రసంగం కాదు. నాలుగువందల మంది మధ్యన ఒక పిల్ల నెత్తిన బండ వేసి, అది సరిగ్గా తగిలిందని నాకు ఉత్తరం రాశావు. తప్పు చేసిన పిల్లని పక్కకి పిలిచి, కూర్చోబెట్టి, "ఏమైందమ్మా" అని అడగాలి. అంతే. ఆ ఒక్క మాటకి ప్రసంగవేదిక అక్కర్లేదు. మైకు అంతకన్నా అక్కర్లేదు.

పాస్టరు గారమ్మాయికి వేదపాఠంలో మార్కులు తగ్గితే ఇంట్లో, సంఘంలో ఎలా ఉంటుందో ఒక్కసారైనా ఆలోచించావా? లెక్కల్లో తప్పినా ఆ పిల్ల తలెత్తుకు తిరగగలదు. ఇందులో కాదు.

ఇంకొకటి. ఆ పిల్ల కాపీ కొట్టిందని నీకు ఎలా తెలిసింది? చీటీ చేతి మడతలో ఉందని కూడా రాశావు. ఆ గంటలో నువ్వు స్టాఫ్ రూములో ఉండాలి కదా?

మీ అత్త


యోంగ్జు,
మే 16

ప్రియమైన అత్తయ్యకి,

వందనాలు. మీ కోపం అందింది. నాది కొంత తొందరపాటే, ఒప్పుకుంటాను.

నిన్న ఉపాధ్యాయుల దినం. పొద్దున్నే క్లాసులోకి వెళ్ళేసరికి పిల్లలు పాట పాడారు. నల్లబల్ల మీద నా బొమ్మ వేశారు, చెవులు మాత్రం గాడిదవి. నా కోటుకి ఎర్ర కార్నేషన్ పువ్వు గుచ్చే వంతు చీట్లు వేస్తే హేరాన్‌కి వచ్చింది. తలెత్తకుండా గుచ్చింది. పిన్ను నా వేలికి తగిలితే, "అయ్యో, క్షమించండి" అని నాలుగుసార్లు అంది. ఈ మధ్య ఆ పిల్ల మధ్యాహ్నం అన్నానికి కూడా ఎవరితోనూ కూర్చోవడం లేదు.

ప్రిన్సిపాల్ గారు బాగున్నారు. కొండల మీద యాపిల్ పూత రాలిపోయింది, పిందెలు దిగాయి. మీరు చూస్తే సంతోషిస్తారు.

కాపీ సంగతి ఎలా తెలిసిందని అడిగారు. మాస్టార్లకి తెలుస్తుంది కదా అత్తయ్యా. జవాబు పత్రం చూస్తే పట్టేయవచ్చు.

మీ మేనల్లుడు
గీసోక్


తోంగ్యోంగ్,
మే 21

గీసోకూ,

ముప్ఫై ఒక్క ఏళ్ళు జవాబు పత్రాలు దిద్దాను. పత్రం చూసి నేను ఒక్కసారి కూడా పట్టలేదు.

యాపిల్ పిందెల గురించి తర్వాత రాయవచ్చు. నేను అడిగిన దానికి జవాబు రాసేదాకా నెత్తళ్ళు పంపను.

మీ అత్త


యోంగ్జు,
మే 30

అత్తయ్యా,

చూశాను. ఇదిగో జవాబు.

ఆ రోజు పేపర్లు పంచాను. పిల్లలు మాట ఇచ్చారు. నేను వంగి నమస్కారం పెట్టాను. తలుపు వేశాను. మెట్ల దాకా వెళ్ళి, స్కూల్లోపల వేసుకునే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మేజోళ్ళతో వెనక్కి వచ్చాను. వరండా కిటికీ మూల నుంచి చూశాను. అంత గొప్ప సంగతి కళ్ళారా చూడాలనిపించిందని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. మిగతా సగం, వాళ్ళని నమ్మలేక.

ముప్ఫై ఏడు మంది తల వంచుకుని రాసుకుంటున్నారు. దోచోల్ గాడు పెన్సిలు కొరుకుతూ పైకప్పు చూస్తున్నాడు గాని పక్కకి చూడలేదు. వాళ్ళెవరూ నాకు కనపడలేదు అత్తయ్యా. ఒక్క హేరానే కనపడింది. ఆ తర్వాత గంట కొట్టేదాకా మెట్ల కింద నిలబడ్డాను. స్టాఫ్ రూముకి వెళ్ళనేలేదు.

నిన్న సాయంత్రం స్కూలు వదిలాక ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

"మాస్టారూ, నేను వేదపాఠంలో కాపీ కొట్టాను. నాలుగు పేర్లు."

"నాకు తెలుసు."

"మీకు తెలుసని నాకూ తెలుసు. ఆ రోజు కిటికీ దగ్గర మీ చేతిలో చెప్పులున్నాయి."

అప్పుడు నేను అడిగిన మాట రాయాలంటే చెయ్యి రావడం లేదు. "ఎవరికైనా చెప్పావా?" అని అడిగాను.

"లేదండీ. చెబితే మాస్టార్లు చాటుగా చూస్తారని అందరికీ తెలిసిపోతుంది. ఇంకెవరూ మాట ఇవ్వరు. మా అన్నయ్యా ఇక్కడే ఇలాగే కాపలా లేకుండా పరీక్షలు రాశాడు. మా క్లాసు వల్ల ఈ పద్ధతి పోకూడదు."

తర్వాత, "నా సంగతి ప్రిన్సిపాల్ గారికి చెప్పేస్తానండీ. ఇక మోయలేను. కానీ నెల తర్వాత ఇప్పుడెందుకు చెబుతున్నావని అడుగుతారు. అప్పుడు మీ పేరు చెప్పాలి. ఇంకో అబద్ధం ఆడలేను. ఏం చెయ్యమంటారు?" అంది.

రేపు చెబుతానన్నాను. ఈ రోజు స్కూల్లో ఆ పిల్ల నా వంక చూసినప్పుడల్లా నేను నల్లబల్ల తుడిచాను. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, దాచను. అంతకంటే, నా వల్ల నలభై ఏళ్ళ పద్ధతి పోతుందేమోనన్న భయం ఎక్కువగా ఉంది. సిగ్గుగా ఉంది అత్తయ్యా. నన్ను ఏం చెయ్యమంటారు?

గీసోక్


తోంగ్యోంగ్,
జూన్ 3

నాన్నా గీసోకూ,

పిల్ల నిన్ను అడిగింది. నువ్వు నన్ను అడుగుతున్నావు. నేను మా పాస్టరు గారిని అడిగితే వరస పూర్తవుతుంది. ఆ పిల్లకి రేపు చెబుతానన్నావు, ఆ రేపు ఎప్పుడో దాటిపోయింది.

తన తప్పు మోసుకుంటూ నెల రోజులు నీ తప్పు కూడా మోసింది. నువ్వు వేదిక ఎక్కి తనని పొడిచిన రోజున కూడా నీ పేరు బయటపెట్టలేదు. పిల్లలకి నీతి నేర్పడానికి వెళ్ళావు కదా, ఎదురుగా కూర్చుని నేర్చుకో.

నువ్వే ముందు వెళ్ళి చెప్పు. ఆ పిల్ల పేరు ఎత్తకు. అది ఆ పిల్ల చెప్పుకోవలసిన సంగతి. నీది మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు. ఉద్యోగం పోతే ఇక్కడికి రా. రేవు దగ్గర నెత్తళ్ళు ఆరబెట్టే పని ఇప్పిస్తాను, అక్కడ ఎవరినీ తొంగి చూడక్కర్లేదు.

నేను కూడా ఒక మాట చెప్పాలి. నా క్లాసు పిల్లలు ఒక్కరూ కాపీ కొట్టలేదని ఊరంతా చెప్పుకు తిరిగాను. నీకూ చెప్పాను. నిజానికి నాకు తెలీదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క పరీక్షకి కూడా తెలీదు. వెనక్కి వెళ్ళి చూడాలని చాలాసార్లు కాళ్ళు లాగాయి. కాపీ కొట్టిన వాళ్ళు ఉండే ఉంటారు. ఆ తర్వాత కొందరు నా దగ్గరికి వచ్చి ఎందుకో చెప్పకుండానే ఏడ్చారు, కొందరు రాలేదు. ఆ గంటని వాళ్ళకి పూర్తిగా వదిలేశానని వాళ్ళకి నమ్మకం ఉండేది. నేను చేసింది అంతే. అందుకని నిన్ను తిట్టడానికి నాకు పెద్ద అర్హత ఉందనుకోకు. కానీ తిడతాను.

ధైర్యంగా వెళ్ళు. నీ కోసం ప్రార్థన చేస్తున్నాను.

మీ అత్త


యోంగ్జు,
జూన్ 20

ప్రియమైన అత్తయ్యకి,

మీ ఉత్తరం అందిన రోజే ముందు హేరాన్‌ని పిలిచి, "నా సంగతి నేను చెప్పేస్తున్నాను, నీది నీ ఇష్టం" అన్నాను. ప్రసంగంలో తనని పొడిచినందుకు క్షమించమని అడిగాను. "పర్వాలేదండీ" అంది. అని వెంటనే, "పర్వాలేదు కాదు, చాలా ఏడ్చాను" అని సరిదిద్దుకుంది.

తర్వాత నామ్ గారి గదికి వెళ్ళాను. ఆయన మొత్తం విన్నారు. ఎందుకు చేశారని అడగలేదు. ఉద్యోగం మాట ఎత్తలేదు. "పిల్లలకి ఎప్పుడు చెబుతారు?" అని మాత్రం అడిగారు.

బుధవారం ఆరాధనలో చెప్పాను. అదే వేదిక. ఈసారి కాగితం లేదు. పిల్లలు నాకు మాట ఇచ్చిన పది నిమిషాల్లో నేను వాళ్ళకి పెట్టిన నమస్కారాన్ని అబద్ధం చేశానని చెప్పాను. చెప్పులు విప్పిన సంగతీ చెప్పాను. ఆ తర్వాత కీర్తన. హేరాన్ ఒక్క తప్పు లేకుండా వాయించింది.

మర్నాడు ఆ పిల్ల ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి తన సంగతి చెప్పింది. ఆ పరీక్షకి సున్నా వేశారు. వాళ్ళ నాన్నగారు బస్సెక్కి వచ్చారు. నన్ను నాలుగు దులుపుతారని సిద్ధపడ్డాను. ఆయన నాకే వంగి నమస్కారం పెట్టారు. "దీనికి వేదపాఠంలో తొంభై అయిదు వస్తే, మిగతా అయిదు ఏమయ్యాయని అడిగేవాణ్ణి మాస్టారూ. ఆ అయిదు కోసం పిల్లని పోగొట్టుకునేవాణ్ణి" అన్నారు. గేటు దాకా కూతురి సంచీ తనే మోసుకెళ్ళారు.

ఊహించినట్టే తల్లిదండ్రుల్లో కొందరు గొడవకి వచ్చారు. ఇకనైనా కాపలా పెట్టమన్నారు. నామ్ గారు వాళ్ళకి టీ పోసి, "మాట తప్పింది మా మాస్టారు. నష్టపోయింది ఆ క్లాసు పిల్లలు. వాళ్ళు కాపలా కావాలంటే స్కూలంతా పెడతాను. వద్దంటే మీరూ నేనూ ఇంటికి వెళదాం" అన్నారు.

అలా మొత్తం స్కూలు సంగతి నా ముప్ఫై ఎనిమిది మంది చేతిలో పడింది. నన్ను బయటికి పంపి గంటసేపు మాట్లాడుకున్నారు. లోపల నుంచి అరుపులు, ఒకసారి పెద్ద నవ్వు. ఈసారి నేను స్కూలు గేటు అవతల నిలబడ్డాను. చివరికి దోచోల్ వచ్చి పిలిచాడు.

"మాస్టారూ, తీర్మానం అయింది. కాపలా వద్దు. జూలై పరీక్షకి మాకు వేరే మాస్టారు కూడా వద్దు. మీరే పంచాలి, మీరే వెళ్ళాలి."

"నన్ను నమ్ముతారా?" అన్నాను.

"అందరూ నమ్మట్లేదండీ. పదకొండు మంది వద్దన్నారు. హేరానే వాళ్ళతో దెబ్బలాడింది" అన్నాడు. అని బుర్ర గోక్కుని, "కానీ మెట్లు దిగేదాకా చెప్పుల చప్పుడు మాకు వినపడాలట. అమ్మాయిలు రాయించారు" అన్నాడు.

నేను అక్కడే ఏడ్చేశాను అత్తయ్యా. దోచోల్ గాడు కంగారుపడి నా వీపు తట్టాడు.

మీ మేనల్లుడు
గీసోక్


తోంగ్యోంగ్,
జూన్ 26

గీసోకూ,

నెత్తళ్ళు రెండు కట్టలు పంపుతున్నాను. ఒకటి హేరాన్‌కి. నేను పంపానని చెప్పు. రెండోది ఆ పదకొండు మందికి. వాళ్ళూ తెలివైన పిల్లలే.

మోకాళ్ళు బాగాలేవు, వానలు మొదలయ్యాయి. నీ ఉత్తరం మా ఆదివారం బడి పిల్లలకి చదివి వినిపించాను. ఏడ్చిన చోట వాళ్ళు బాగా నవ్వారు.

మీ అత్త


యోంగ్జు,
జూలై 10

ప్రియమైన అత్తయ్యకి,

పరీక్షలు అయిపోయాయి. ఎప్పటిలాగే వేదపాఠమే మొదటి పరీక్ష. పేపర్లు పంచాను. పిల్లలు నిలబడి మాట ఇచ్చారు. నేను వంగి లేచేసరికి వాళ్ళు ఇంకా వంగే ఉన్నారు. వరండా పొడుగునా గుర్రంలాగా చప్పుడు చేసుకుంటూ నడిచాను. లోపల ఎవరో కిసుక్కున నవ్వారు.

హేరాన్‌కి అరవై ఆరు వచ్చాయి. రాని చోట ఖాళీగా వదిలేసింది. మార్కులు చూసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, స్నేహితురాళ్ళతో పరిగెత్తింది. వేసవి తర్వాత కూడా నన్ను ఉండమన్నారు. కానీ నేను రాయాలనుకున్నది ఇవేవీ కాదు.

స్టాఫ్ రూములో ఆ మొదటి పరీక్ష గంటలో మాత్రం ఏం జరుగుతుందో మీకు తెలుసు. మీరు చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. అందరూ కూర్చుని బార్లీ టీ తాగుతారనుకున్నాను. వెళ్ళేసరికి పదిమంది మాస్టార్లూ టీచర్లూ బల్ల చుట్టూ కళ్ళు మూసుకుని ఉన్నారు. ఒక్కొక్కరు తమ వంతుకి కళ్ళు తెరిచి, క్లాసు పట్టీ తీసి పిల్లల పేర్లు నెమ్మదిగా చదువుతున్నారు. కాపీ కొట్టకుండా చూడు దేవా అని గాని, మంచి మార్కులు ఇవ్వు అని గాని ఎవరూ అడగలేదు. ఉత్త పేర్లు. బయట వాన. నా వంతు వచ్చింది. ముప్ఫై ఎనిమిది పేర్లూ చదివాను. హేరాన్ పేరు రెండుసార్లు చదివాను. పక్కనున్న లెక్కల టీచరమ్మ నా చేతి మీద చెయ్యి వేసింది.

గంట కొట్టాక వరండాలో నామ్ గారిని ఆపాను.

"ఏప్రిల్లో నేను ఇక్కడికి రాలేదు కదండీ. అప్పుడు నా క్లాసు పేర్లు?"

"నేను చదివాను."

"నేను రాలేదని మీకు తెలుసు. ఎక్కడున్నానని ఒక్కసారి కూడా అడగలేదేం?"

"ముప్ఫై ఎనిమిది మందినీ చదివాక, ముప్ఫై తొమ్మిదోది మీ పేరు చదివాను బాంగ్ మాస్టారూ. ఇక అడగడానికేముంది" అన్నారు. అని, పిల్లలు ఎదురొస్తుంటే వంగి నమస్కారం పెడుతూ వెళ్ళిపోయారు.

అత్తయ్యా, ఆయన నా పేరు చదువుతున్న ఆ నిమిషంలో నేను కిటికీ మూల నిలబడి, ఒక దొంగని పట్టేశానని లోలోపల మురిసిపోతున్నాను.

మీ మేనల్లుడు
గీసోక్